కొత్త ఊళ్లో అద్దె ఇల్లు ఏ పేటలో కట్టాలి? బొంబాయి చాళ్ల చరిత్ర

ఒక చిన్న ఊహతో ఈ పాఠాన్ని ప్రారంభిద్దాం. ఇది 1880వ సంవత్సరం అనుకోండి. మీరు కచ్ నుంచి బొంబాయి చేరిన ఓ మోస్తరు వర్తకులు. పత్తి బేరాల్లో కొంత సొమ్ము వెనకేశారు. దాన్ని ప్రభుత్వ బాండ్లలో పెడితే ఏడాదికి నాలుగు శాతం వడ్డీ వస్తుంది, రాత్రి నిద్ర కూడా పడుతుంది. కానీ పక్క దుకాణం సేటు మిల్లు కూలీలకు గదులు అద్దెకిచ్చి అంతకు రెట్టింపు రాబడుతున్నాడని విన్నారు. మీకూ ఆశ పుట్టింది. అయితే ఊరు మీకు కొత్త. పరేల్‌కూ గిర్గాంకూ తేడా తెలియదు. కామాటిపురా వానాకాలంలో ఎలా ఉంటుందో చూడలేదు. మరి ఏ పేటలో స్థలం కొంటారు?

చరిత్ర పాఠంలో ఈ వ్యాపార ప్రశ్న ఎందుకని మీకు అనిపించవచ్చు. కారణం ఉంది. బొంబాయి చరిత్ర చదివేటప్పుడు మనం గవర్నర్ల పేర్లు, రైల్వే స్టేషన్లు, హైకోర్టు గోపురాలు గుర్తుపెట్టుకుంటాం. కానీ ఆ నగరంలో బతికిన వాళ్లలో ఎక్కువమంది ఏ గవర్నరూ కట్టించని ఇళ్లలో బతికారు. కొంచెం డబ్బు, కొంచెం ధైర్యం ఉన్న వేలాదిమంది చిన్న మదుపుదార్లు ఈ ప్రశ్నకు తలా ఒక జవాబు చెప్పుకున్నారు. ఆ జవాబులన్నీ కలిసి నగరానికి రూపం ఇచ్చాయి. వాటిలో తప్పు జవాబులకు మూల్యం చెల్లించింది చాలాసార్లు మదుపు పెట్టినవాళ్లు కాదు, అందులో అద్దెకున్నవాళ్లు.

1880లో ఉన్న మీకు మొదట ఊరి పెద్దలు చెప్పే కథ 1865 నాటిది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై, అక్కడి పత్తి ఇంగ్లండు మిల్లులకు అందకుండా పోయింది. బొంబాయి పత్తికి గిరాకీ అమాంతం పెరిగింది. ఊళ్లోకి డబ్బు వరదలా వచ్చింది. ఆ డబ్బు వెంట మనుషులు వచ్చారు. 1864 జనాభా లెక్కల్లో బొంబాయి జనం 8,16,562. అద్దెలు మండిపోయాయి. సముద్రాన్ని పూడ్చి భూమి తయారుచేస్తామని కంపెనీలు వెలిశాయి, ఇంకా నీళ్లలోనే ఉన్న నేలకు వాటాలు అమ్ముడుపోయాయి. 1865లో అమెరికా యుద్ధం ఆగింది, పత్తి ధర కూలింది. జూలై 1న వాయిదా బేరాల చెల్లింపుల రోజు వచ్చేసరికి పెద్ద పెద్ద షావుకార్లు దివాళా తీశారు. 1872లో మళ్లీ జనాభా లెక్క తీస్తే 6,44,405 తేలింది. ఎనిమిదేళ్లలో లక్షా డెబ్బై వేల మంది తగ్గారు!

గిరాకీ నిండుగా ఉన్న రోజున స్థలం కొని ఇల్లు లేపినవాడి పరిస్థితి ఏమిటో మీరే ఊహించండి. ఇల్లు ఉంది, అద్దెకుండేవాడు లేడు. అద్దె ఇంటికి గిరాకీ ఊరి నుంచి రాదు, ఊళ్లో ఉన్న పని నుంచి వస్తుంది. ఆ పని అక్కడ ఎంతకాలం ఉంటుందన్నదే అసలు లెక్క.

బొంబాయిలో నిలిచే పని అప్పటికే మొదలైంది. కావస్‌జీ నానాభాయ్ దావర్ స్థాపించిన తొలి నూలు మిల్లు 1856లో తాడ్‌దేవ్‌లో నడవడం ప్రారంభించింది. 1870ల తర్వాత మిల్లులు వరసగా లేచాయి. శతాబ్దం ముగిసేనాటికి సుమారు 80 మిల్లులు. ఇవి పాత కోట ప్రాంతంలో కాక, దానికి ఉత్తరాన భూమి చౌకగా దొరికిన తాడ్‌దేవ్, భైకలా, పరేల్, లాల్‌బాగ్, వర్లీ వైపు వచ్చాయి. ఆ ప్రాంతానికి తర్వాతి కాలంలో గిర్‌ణ్‌గావ్ అని పేరు వచ్చింది. గిరణీ అంటే మరాఠీలో మిల్లు, అంటే అది మిల్లుల ఊరు.

ఇప్పుడు మిల్లు కూలీ సంగతి చూద్దాం. రత్నగిరి నుంచో, సతారా నుంచో వచ్చిన మనిషి. తెల్లవారక ముందే మిల్లు గేటు దగ్గర నిలబడాలి. పర్మనెంటు పని లేనివాడైతే, ఆ రోజు రాని వాళ్ల స్థానంలో ‘బద్లీ’గా జాబర్ తనను పిలుస్తాడేమోనని చూడాలి. ట్రాము ఎక్కడానికి డబ్బు లేదు. కాబట్టి నడిచి వెళ్లగలిగినంత దూరంలోనే ఇల్లు ఉండాలి. జీతం నెల పూర్తయిన వెంటనే చేతికి రాదు, ఇంకా కొన్ని వారాలు ఆలస్యమవుతుంది. అప్పటిదాకా కిరాణా వర్తకుడు అరువివ్వాలి. తెలియని పేటలో ఎవరిస్తారు? అందుకని తన ఊరివాళ్లు ఉన్న చోటే, తనను ఎరిగిన దుకాణం ఉన్న చోటే, తన జాబర్ ఉండే వీధికి దగ్గరలోనే గది వెతుక్కుంటాడు. గది ఇరుకైనా అద్దె కాస్త ఎక్కువైనా సరే. కొత్తగా వచ్చిన మదుపుదారు సాధారణంగా ఇక్కడే బోల్తా పడేవాడు. దూరంగా విశాలమైన గదులు, తక్కువ అద్దె అని ఆశపడి కట్టేవాడు. గేటుకు దగ్గరున్న చీకటి కొట్టు నిండేది, గాలివాటుగా కట్టిన ఇల్లు ఖాళీగా ఉండేది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నలభై ఏళ్ల తర్వాత సాక్షాత్తు ప్రభుత్వమే ఈ తప్పు చేయబోతోంది.

ఈ గిరాకీకి తగ్గట్టు పుట్టిన కట్టడమే ‘చాళ్’. మన నాగటి చాలుతో దీనికి సంబంధం ఉందో లేదో భాషావేత్తలు తేల్చాలి గానీ, చూడ్డానికి మాత్రం అలాగే ఉంటుంది. ఒక పొడవైన నడవా, దాని వెంట వరసగా ఒకే తీరు గదులు. మూడు నాలుగు అంతస్తులు. గదిలో ఒక మూల స్నానానికీ అంట్లకీ చిన్న మోరీ. పంపు, మరుగుదొడ్లు అందరికీ ఉమ్మడి. గదికి ఒక కుటుంబమనేది కాగితం మీది మాట. ఒంటరి మగవాళ్లు పదేసి మంది కలిసి ఒక గది తీసుకునేవాళ్లు. పగటి షిఫ్టు వాళ్లు లేచిన చాపల మీద రాత్రి షిఫ్టు వాళ్లు పడుకునేవాళ్లు. వాళ్లకు వండిపెట్టే ‘ఖానావళ్’లను ఎక్కువగా ఆడవాళ్లు నడిపేవారు.

యజమాని లెక్క ఎలా ఉండేదో చూద్దాం. ఇవి నేను లెక్క కోసం వేసుకున్న అంకెలు. నలభై గదుల చాళ్‌కు స్థలంతో కలిపి 12,000 రూపాయలు అయిందనుకోండి. గదికి నెలకు రెండున్నర రూపాయలు. నెలకు వంద, ఏడాదికి 1,200. అంటే పది శాతం! కాగితం మీద బ్రహ్మాండం. కానీ నలభైలో ఆరు గదులు ఎప్పుడూ ఖాళీగానో బాకీలోనో ఉంటాయి. వానాకాలం నాట్లకు కూలీలు ఊళ్లకు వెళ్లిపోతారు, కొందరు గదికి తాళం వేసి మరీ వెళతారు. అక్కడికి 1,020 అయింది. మునిసిపల్ పన్ను, అద్దె వసూలు చేసే గుమాస్తా జీతం, ఏటా వాన తర్వాత పెంకుల మరమ్మతు కలిపి మూడు వందలు తీసేయండి. మిగిలేది 720, ఆరు శాతం. ప్రభుత్వ బాండు కంటే రెండు శాతమే ఎక్కువ, పైగా తలనొప్పి. ఇప్పుడు యజమానికి ఏం తోస్తుంది? మరమ్మతు మానేద్దాం. నడవాను కూడా చెక్కలతో మూసి గదులు చేద్దాం. పక్క ఇంటికీ మనకూ మధ్య వదిలిన సందులో ఇంకో వరస లేపుదాం. పది శాతం ఆశతో వచ్చినవాడు ఆరు శాతం దగ్గర ఆగడు. ఆ మిగతా నాలుగు శాతం గాలీ వెలుతురూ అమ్ముకుని సంపాదించాడు.

కామాటిపురా

ఇక్కడ మన వాళ్ల ప్రస్తావన రావాలి. బొంబాయి ఒకప్పుడు ఏడు ద్వీపాలు. 18వ శతాబ్దం చివర హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట వేసి సముద్రపు పోటును ఆపాక, ద్వీపాల మధ్యనున్న లోతట్టు నేల బయటపడింది. ఆ నేల మీద స్థిరపడినవాళ్లలో నిజాం రాజ్యం నుంచి, తెలుగు ప్రాంతాల నుంచి వెళ్లిన కూలీలు ముఖ్యులు. మట్టి పని, రాతి పని, కట్టుబడి పని చేసే ఈ ‘కామాటి’ల పేరు మీదే ఆ పేట కామాటిపురా అయింది. పాలమూరు నుంచి, కరీంనగర్ నుంచి, నల్లగొండ నుంచి తర్వాతి తరాలు కూడా అక్కడికి వెళుతూనే ఉన్నాయి. వాళ్లలో కొందరు కాంట్రాక్టర్లుగా ఎదిగారు. 1873లో జోతిరావు ఫూలే పుణేలో స్థాపించిన సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవాళ్లలో ఈ తెలుగు కాంట్రాక్టర్లు ఉన్నారు. బొంబాయిలోని పెద్ద కట్టడాలకు మోసిన రాళ్లలో ఎన్నింటి మీద తెలుగువాళ్ల చెమట ఉందో లెక్క ఎవరూ రాసిపెట్టలేదు.

కామాటిపురా మదుపుదారుకు మంచి పేటలాగే కనిపించేది. మిల్లులకు దగ్గర, ఓడరేవుకు దగ్గర, గిరాకీకి కొదవలేదు. వీధులకు పేర్లు కూడా పెట్టక ఒకటో గల్లీ, రెండో గల్లీ అని అంకెలతో సరిపెట్టారు. లోపం నేలలో ఉంది. సముద్రమట్టం దగ్గరి పల్లపు భూమిని ఊరి చెత్తతో పూడ్చారు. వానకు వచ్చిన నీరు పోయే దారి లేదు. దానికి తోడు నగరానికి 1860లో విహార్ చెరువు నుంచి, 1879లో తులసి చెరువు నుంచి, 1892లో తాన్సా నుంచి నీళ్లు వచ్చాయి. నీళ్లు తెచ్చినంత శ్రద్ధ మురుగు కాలువల మీద పెట్టలేదు. వచ్చిన నీరంతా నేలలోకి ఇంకింది. ఆ తేమ గోడల మీదికి ఎక్కింది. వేసవిలో స్థలం చూసి కొన్నవాడికి ఇవేమీ తెలియవు. పాతకాలపు బొంబాయి వాసి అయితే ఆగస్టు నెలలో వెళ్లి గోడ మీద తడి ఎంత ఎత్తున ఉందో చూసి వచ్చేవాడు.

ఇంకో సంగతి. భూమి ఒకరిది, దాని మీద కట్టడం ఇంకొకరిది అయ్యే పద్ధతి బొంబాయిలో పాతది. ‘ఫజందారీ’ అనేవారు. నేల యజమానికి ఏటా కొంత చెల్లిస్తూ కట్టుకున్నవాడు తరతరాలుగా ఉండేవాడు. ఈ మెలిక తెలియక స్థలమే తనదని నమ్మి కొన్న కొత్తవాళ్లకు కోర్టు మెట్లు అలవాటయ్యాయి.

మహమ్మారి వచ్చి లెక్కలు మార్చింది

1896 సెప్టెంబరు. ఓడరేవు పక్కనున్న మాండ్వీ పేట. కింద ధాన్యపు గోదాములు, పైన కిక్కిరిసిన గదులు. అద్దె రాబడి దృష్టితో చూస్తే ఇంతకంటే బంగారం లాంటి చోటు లేదు, ఒకే స్థలానికి రెండు అద్దెలు. ధాన్యం ఎలుకలకూ బంగారమే. అక్కడ జ్వరంతో ఉన్న రోగిని పరీక్షించి, ఇది గిల్టీల ప్లేగు అని చెప్పినవారు డాక్టర్ అకాసియో గాబ్రియెల్ వీగస్. తర్వాతి కొద్ది నెలల్లో లక్షలాదిమంది నగరం విడిచిపోయారు. 1897లో వచ్చిన అంటువ్యాధుల చట్టంతో అధికారులు ఇళ్లలోకి చొరబడి వెతకడం మొదలుపెట్టారు. వెలుగు పడని గదుల మీద పెంకులు ఊడదీశారు. ఉండటానికి పనికిరాని ఇళ్ల గోడల మీద ‘యు.హెచ్.హెచ్.’ అని రాశారు. మనుషుల నివాసానికి తగదు అన్న ఇంగ్లీషు మాటలకు అది పొట్టి రూపం. ఆ మూడక్షరాలు పడ్డ ఇంటి అద్దె ఎంత? సున్నా. 1891లో 8,21,764గా ఉన్న జనాభా 1901లో 7,76,006కు దిగింది. పదేళ్లలో పెరగాల్సింది పోయి తగ్గింది.

ప్రభుత్వం మేలుకుని 1898లో బొంబాయి సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టును ఏర్పాటు చేసింది. పని ఏమిటి? ఇరుకు పేటలను కొని పడగొట్టడం, సముద్రపు గాలి లోపలికి వచ్చేలా వెడల్పు రోడ్లు వేయడం, పేదలకు చాళ్లు కట్టడం, ఉత్తరాన కొత్త పేటలను తయారుచేయడం. ప్రిన్సెస్ స్ట్రీట్, శాండ్‌హర్స్ట్ రోడ్ అప్పటివే. ఉద్దేశం మంచిదే. కానీ ఇందులో ఒక చిక్కు ఉంది. కూల్చే ఇంటికి ఇచ్చే నష్టపరిహారాన్ని ఆ ఇంటి అద్దె రాబడి ఆధారంగా లెక్కకట్టేవారు. అంటే, ఎంత మందిని కుక్కితే అంత పరిహారం! ట్రస్టు ఫలానా పేట మీద కన్ను వేసిందని వాసన తగలగానే ఆ పేటలో గదుల అద్దెలు, జనసమ్మర్దం రెండూ పెరిగేవి. ఆరోగ్యానికి హాని చేసే ఇల్లు ఎంత హాని చేస్తే యజమానికి అంత లాభం తెచ్చిపెట్టింది. ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో మదుపుదార్లు ‘ఏ పేట?’ అన్న ప్రశ్నకు చెప్పుకున్న జవాబుల్లో, నా దృష్టిలో, అన్నిటికంటే చేదైనది ఇదే. ట్రస్టు రేపు ఏ పేటను కూల్చుతుందో ఆ పేట.

కూలిన గదులకు సమానంగా కొత్త గదులు వెంటనే లేవలేదు. ఖాళీ చేసినవాళ్లు దూరం పోలేదు, పోలేరు. పని అక్కడే ఉంది కదా. పక్క వీధిలోకి సర్దుకున్నారు. ఆ వీధి ఇంకా ఇరుకైంది. ట్రస్టు అధ్యక్షులుగా పనిచేసిన జె.పి. ఓర్ ఈ విషయాన్ని లోతుగా ఆలోచించిన అధికారి. ఆయన 63½ డిగ్రీల సూత్రం ఒకటి ప్రచారం చేశారు. గదిలోకి వెలుగు రావాలంటే ఎదుటి ఇంటి ఎత్తు, మధ్య ఖాళీ ఏ నిష్పత్తిలో ఉండాలో చెప్పే సూత్రం అది. సుమారుగా చెప్పాలంటే, ఎదుటి గోడ ఎత్తులో సగం దూరం మధ్యలో ఖాళీ వదలాలి. చూడ్డానికి రేఖాగణితమే గానీ యజమానుల చెవికి అది డబ్బు లెక్క. వదిలిన ప్రతి అడుగూ అద్దె రాని అడుగే.

ట్రస్టు కట్టిన చాళ్లకు ఒక మేలు మాత్రం ఒప్పుకోవాలి. ప్రైవేటు యజమానులు గది ఇచ్చేముందు కులం అడిగేవారు, మతం అడిగేవారు. దళితులకు చాలా చాళ్లలో తలుపు తెరుచుకునేది కాదు. ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు చాళ్‌లో వాళ్లకు చోటు దొరికింది. పరేల్‌లోని అలాంటి చాళ్‌లోనే డాక్టర్ అంబేద్కర్ సుమారు ఇరవై ఏళ్లు నివసించారు.

మన హైదరాబాదులో 1908 మూసీ వరదల తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కూడా ఇరుకు పేటలను తొలగించి, రోడ్లు వేసి, పేదలకు వరస ఇళ్లు కట్టే దారిలోనే నడిచింది. అది వేరే పాఠం.

ట్రస్టు చేసిన మరో పని దాదర్, మాటుంగా, వడాలా, సియోన్ వైపు. అప్పటికి అవి పొలాలు, ఉప్పు మళ్లు, తాటిచెట్లు. అక్కడ వీధులు గీసి, తోటలకు చోటు వదిలి, స్థలాలను దీర్ఘకాలపు లీజుకు ఇచ్చారు. మొదట్లో ఎవరూ ముందుకు రాలేదు. ‘ఊరికి అంత దూరం ఎవరు పోతారు?’ అన్నారు. తర్వాత గుమాస్తాలు, ఉపాధ్యాయులు, రైల్వే ఉద్యోగులు రావడం మొదలైంది. 1925లో కరెంటు రైళ్లు నడవడంతో దూరం అన్న మాటకే అర్థం మారింది. మిల్లు కూలీ నడిచి పోవాలి, గుమాస్తా సీజన్ టికెట్టు కొనగలడు. కాబట్టి ఒకే దూరం ఒకరికి అడ్డంకి, ఇంకొకరికి హాయి. దక్షిణాది నుంచి వచ్చిన ఉద్యోగులతో మాటుంగా నిండింది. ఓపికగా పదిహేనేళ్లు ఆగిన మదుపుదారు అక్కడ లాభపడ్డాడు. అయితే ఓపిక పట్టడానికి కూడా డబ్బుండాలి. అప్పు తెచ్చి కొన్న చిన్నవాడు మధ్యలోనే అమ్ముకుపోయాడు.

సర్కారు వారు కట్టిన ఖాళీ గదులు

ఇప్పుడు నేను ముందు చెప్పిన తప్పు దగ్గరికి వద్దాం. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బొంబాయిలో గది దొరకడం గగనమైంది. ఆ కాలపు అంకె ఒకటి చూడండి. 1921లో నగరంలో నమోదైన ప్రతి 1,000 జననాలకు 666 శిశు మరణాలు. ఒకే గది ఇళ్లలో ఆ లెక్క 828. ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. చాలామంది ఆడవాళ్లు కాన్పుకు పుట్టింటి పల్లెకు వెళ్లేవారు కాబట్టి జననం అక్కడ నమోదయ్యేది. తిరిగి వచ్చాక బిడ్డ పోతే మరణం మాత్రం నగరం ఖాతాలో పడేది. అంచేత నిష్పత్తి అసలు కంటే పెద్దదిగా కనిపిస్తుంది. అలా ఎంత తగ్గించి చదివినా, ఒక గదికీ రెండు గదులకూ మధ్యనున్న తేడా మాత్రం చెరిగిపోదు.

గవర్నర్ సర్ జార్జ్ లాయిడ్ 1920లో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంటును ప్రారంభించారు. కార్మికులకు 50,000 గదులు కట్టాలని సంకల్పం. ఖర్చు కోసం నగరంలోకి వచ్చే ప్రతి పత్తి బేలు మీద రూపాయి సుంకం వేశారు. సిమెంటు కాంక్రీటుతో, ఒకే నమూనాలో, అంతస్తుకు ఇరవై చొప్పున నాలుగు అంతస్తులకు ఎనభై గదుల చాళ్లు లేచాయి. చివరికి సుమారు 16,000 గదులతో ఆగిపోయారు. మొత్తం 207 చాళ్లు. వర్లీలో 121, నాయ్‌గావ్‌లో 42, డిలైల్ రోడ్డులో 32, శివడీలో 12.

ఇది చరిత్రలో అరుదుగా దొరికే ప్రయోగం. గది ఒకటే, గోడ ఒకటే, యజమాని ఒక్కరే, మారింది పేట మాత్రమే. ఏం జరిగింది? మిల్లుల మధ్యనున్న డిలైల్ రోడ్డు చాళ్లకు జనం వచ్చారు. అన్నిటికంటే ఎక్కువ కట్టిన వర్లీలో గదులు ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉన్నాయి. మిల్లు గేటు దూరం. సంత లేదు, అరువిచ్చే కొట్టు లేదు. దోమలు, మలేరియా. కాంక్రీటు గోడలు ఎండకు కాగిపోయేవి. పైగా కట్టిన ఖర్చుకు తగ్గ అద్దె పెడితే కూలీ భరించలేడు, భరించగలిగినంత పెడితే ఖజానాకు నష్టం. ప్రభుత్వం నష్టానికే ఇచ్చింది, అయినా గదులు నిండలేదు. 1930ల ఆరంభంలో శాసనోల్లంఘన ఉద్యమంలో అరెస్టయిన సత్యాగ్రహులకు జైళ్లు చాలకపోతే, ఈ చాళ్లలో కొన్నింటిని తాత్కాలిక జైలుగా వాడుకున్నారు. కూలీలు రామన్న గదుల్లోకి ఖైదీలను పంపారు!

ఇంజనీర్లు తప్పు చేశారని నేను అనను. చౌకగా, విశాలంగా భూమి దొరికిన చోట కట్టారు. 1880లో మన కచ్ వర్తకుడు చేయబోయిన తప్పూ అదే. కూలీని ఎవరూ అడగలేదు.

అద్దె ఆగిపోయిన రోజు

పేట సరిగా ఎంచుకుని, నేల చూసి, మిల్లు గేటు దగ్గర చాళ్ కట్టినవాడు గెలిచాడా మరి? గెలిచాడు, కొంతకాలం. 1918లో యుద్ధకాలపు అద్దె నియంత్రణ చట్టం వచ్చి, అద్దెలను 1916 జనవరి 1 నాటి స్థాయిలో నిలబెట్టింది. 1928 నాటికి దాని గడువు ముగిసింది. రెండో ప్రపంచ యుద్ధంలో మళ్లీ నియంత్రణలు వచ్చాయి. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది చేసిన 1947 బొంబాయి అద్దెల చట్టం 1940 సెప్టెంబరు 1 నాటి అద్దెను ప్రమాణంగా తీసుకుంది. దేశ విభజనతో లక్షలాది శరణార్థులు వచ్చిన రోజులు. అద్దెకున్నవాళ్లను వీధిన పడకుండా కాపాడటం అప్పటికి అత్యవసరం. తాత్కాలికమని చేసిన ఆ చట్టాన్ని పదేపదే పొడిగిస్తూ పోయారు. యాభై ఏళ్లు గడిచాయి. బియ్యం ధర, పెంకు ధర, మేస్త్రీ కూలీ అన్నీ పెరిగాయి. అద్దె మాత్రం 1940 దగ్గరే నిలబడింది.

ఫలితం రెండు వైపులా చూడాలి. ఒక వైపు, కొత్త అద్దె చాళ్లు కట్టేవాడు లేకుండా పోయాడు. ఉన్నవాటికి మరమ్మతు చేసేవాడూ లేడు. నెలకు వచ్చే అద్దెతో ఒక తూము కూడా బాగుచేయించలేని పరిస్థితి. ఇంకో వైపు, 1950ల్లో, 60ల్లో మిల్లు కూలీల పిల్లలు చదువుకుని గుమాస్తాలు, ఉపాధ్యాయులు, నటులు, కవులు అయ్యారంటే, తల మీద ఆ చవక కప్పు కదలకుండా ఉండటం ఒక ముఖ్య కారణం. యజమానులు నష్టపోయారన్న మాట నిజం. ఆ నష్టం ఎక్కడికి పోయిందన్న ప్రశ్న కూడా అంతే న్యాయమైంది.

జనం తమ దారి తాము వెతుక్కున్నారు. దాని పేరు ‘పగడీ’. గదిలోకి కొత్తగా వచ్చేవాడు పెద్ద మొత్తం చెల్లించి అద్దె హక్కును కొనుక్కుంటాడు. నెల అద్దె నామమాత్రం. గది అమ్ముకున్నట్టూ కాదు, అద్దెకిచ్చినట్టూ కాదు. చట్టం కాదన్నా దశాబ్దాలు సాగిన ఈ వ్యవహారాన్ని చివరికి 1999 మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం గుర్తించింది. అంతకుముందే సుప్రీంకోర్టు మల్పే విశ్వనాథ్ ఆచార్య కేసులో, పాత ప్రమాణపు అద్దె నిబంధనలు కాలక్రమంలో సమంజసం కాకుండా పోయాయని తేల్చింది. కొత్త చట్టం 2000 మార్చి 31 నుంచి అమలై, అద్దెను ఏటా 4 శాతం పెంచుకోనిచ్చింది. 1940 నాటి అద్దె మీద నాలుగు శాతమంటే ఎంతో మీరే లెక్కకట్టుకోండి.

ఈలోపు పేటల అర్థమే మారింది. 1982 జనవరి 18న మొదలైన మిల్లు సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటీ మూతపడ్డాయి. ‘మిల్లు గేటుకు ఎంత దూరం?’ అన్న నూరేళ్ల ప్రశ్నకు గేటే లేకుండా పోయింది. ఆ స్థలాల్లో ఆఫీసులు, మాల్‌లు లేచాయి. చాళ్ కంటే చాళ్ కింది నేల ఎన్నో రెట్లు ఖరీదైంది. అద్దెదారు కదలడు, యజమాని బాగుచేయడు, బిల్డరు గుమ్మం దగ్గర కాచుకుని ఉంటాడు. 1969 చట్టంతో పాత ఇళ్ల మీద సెస్సు వేసి మరమ్మతు బాధ్యత ఒక బోర్డుకు అప్పగించారు. అప్పట్లో లెక్కకు వచ్చిన ఇళ్లే 19 వేల పైచిలుకు. ఏ వానాకాలమూ భయం లేకుండా గడవదు. 2017 ఆగస్టు 31న, కుండపోత కురిసిన రెండు రోజులకు, భేండీ బజారులో నూరేళ్లు దాటిన హుస్సేనీ బిల్డింగ్ కూలి 33 మంది మరణించారు.

కొత్త ఊళ్లో అద్దె కోసం ఫ్లాటు కొనాలనుకునే మధ్యతరగతివాళ్లు ఈనాటికీ చాలామంది. హైదరాబాదులో ఉండి బెంగుళూరులోనో పుణేలోనో కొంటారు. మీరు అలాంటివారైతే, ఏజెంటు చూపించే బ్రోచరులో ఉండని సంగతులు కొన్ని ఈ కథలో దొరికాయి కదా. అద్దెకు వచ్చేవాడు రోజూ ఎక్కడికి, దేని మీద, ఎంత ఖర్చుతో వెళ్తాడు? ఆ పని అక్కడ ఎన్నాళ్లుంటుంది? వానాకాలంలో ఆ వీధి ఎలా ఉంటుంది? నేల ఎవరిది? పది శాతమని చెప్పే లెక్కలో ఖాళీ నెలలు ఉన్నాయా? 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన మోడల్ టెనెన్సీ చట్టం యజమాని భయాన్ని, అద్దెదారు భయాన్ని రెంటినీ తగ్గిస్తానంటోంది. దాన్ని తీసుకోవడం, మానడం రాష్ట్రాల ఇష్టం. కాబట్టి మీరు కొనే రాష్ట్రంలో ఏ చట్టం నడుస్తోందో కూడా ఆ ప్రశ్నల్లో చేర్చుకోండి.

వర్లీ సంగతి చెప్పి ముగిస్తాను. 1920ల్లో ఎవరూ రానన్న ఆ చాళ్లు తర్వాతి దశాబ్దాల్లో నిండాయి. కొంకణ్ నుంచి వచ్చిన మిల్లు కూలీలు, దళిత కుటుంబాలు, పోలీసులు, మన తెలంగాణ పద్మశాలీలు ఆ చుట్టుపక్కలే తరాలుగా బతికారు. 2009లో సముద్రం మీద బాంద్రా-వర్లీ వంతెన తెరిచాక ఆ నేల దేశంలోనే అతి ఖరీదైన స్థలాల్లో ఒకటైంది. 2017లో చాళ్లను పడగొట్టి కొత్తగా కట్టే పథకానికి శంకుస్థాపన జరిగింది. 2025 ఆగస్టులో తొలి విడత కుటుంబాలకు వర్లీలో 500 చదరపు అడుగుల సొంత ఫ్లాట్ల తాళాలు ఇచ్చారు. వాళ్లు వదిలి వచ్చిన గది కొలత 160 చదరపు అడుగులు.